మాడిసన్ నది మీద ఒక అక్టోబరు రోజు

(అమెరికాలోని తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఒక నది గురించి, ఆ నదికి శరత్కాలంలో వచ్చే కొన్ని వారాల గురించి, ఆ వారాలలో చేపలు పట్టే ఫ్లై రాడ్ అనే గాలపు కర్ర పట్టుకుని నీళ్లలో దిగే మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏమి చేస్తాడు, ఏమి చేయకూడదు అన్న విషయం గురించి. నది పేరు మాడిసన్. ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనంలో ఫైర్‌హోల్, గిబ్బన్ అనే రెండు చిన్న నదులు కలిసిన చోట అది మొదలవుతుంది. అక్కడి నుంచి పడమరగా మోంటానా రాష్ట్రంలోకి వచ్చి, హెబ్గెన్ జలాశయంలో చేరి, ఆనకట్ట దాటాక ఉత్తరానికి తిరిగి, త్రీ ఫోర్క్స్ అనే ఊరి దగ్గర జెఫర్సన్, గాలటిన్ నదులతో కలిసి మిస్సోరీ నదిగా మారుతుంది. 1805లో ఆ దారిన వచ్చిన లూయిస్, క్లార్క్ దళం ఒక నదికి నాటి అధ్యక్షుడి పేరు, తక్కిన రెండింటికీ ఆయన మంత్రులిద్దరి పేర్లు పెట్టి ముందుకు సాగిపోయింది.

మాడిసన్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆ నదిలో ఈనాడు ఈదుతున్న ట్రౌట్లు, అంటే చల్లని నీటి చేపలు, ఆ నదిలోనే పుట్టినవి. తొట్లలో పెంచి లారీలలో తెచ్చి వదిలినవి కావు. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టేది అక్టోబరు, నవంబరు నెలలలో. వేటగాళ్లు ఎంతో ఇష్టపడి ఆ నదికి వెళ్లేదీ సరిగ్గా అప్పుడే. కనే పని, పట్టే పని ఒకే నీటిలో, ఒకే వారంలో, ఒక్కోసారి ఒకే గజం మేర గులకరాళ్ల మీద ఎదురెదురు పడతాయి. శరత్కాలపు వేటలో నైపుణ్యం అంటే చేప ఎక్కడ ఉందో తెలుసుకోవడంతో పాటు, కనబడుతున్న చేపలలో దేని జోలికి పోకూడదో తెలుసుకోవడం కూడా అని నేను నమ్ముతాను. ఈ ప్రసంగమంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా ఆ చేప సంగతి. మాడిసన్ ఎగువ భాగానికి మొదటి నుంచీ సొంతమైనవి కట్‌త్రోట్ ట్రౌట్, గ్రేలింగ్, కొండ ప్రాంతపు వైట్‌ఫిష్. మనం ఇప్పుడు పట్టే రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ తీరపు నదులది. బ్రౌన్ ట్రౌట్ అయితే సముద్రం దాటి వచ్చింది. 1880లో బెర్లిన్‌లో జరిగిన మత్స్య ప్రదర్శనలో ఫ్రెడ్ మాథర్ అనే అమెరికన్ మత్స్య నిపుణుడికి బారన్ ఫాన్ బేర్ అనే జర్మన్ ప్రభువుతో పరిచయం కలిగింది. ఆ పరిచయం ఫలితంగా 1883లో జర్మనీ నుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు ఓడలో న్యూయార్క్ చేరాయి. మరుసటి సంవత్సరం మిషిగన్ రాష్ట్రంలో పియర్ మార్కెట్ నదీ వ్యవస్థలో వాటి పిల్లలను వదిలారు. స్కాట్లండ్‌లోని లాక్ లీవెన్ సరస్సుకు చెందిన మరో రకం ఆ వెంటనే వచ్చింది. 1889లో మాడిసన్ వంతు వచ్చింది. అలా వచ్చిన చేప స్థానిక చేపలను చాలా చోట్ల పక్కకు నెట్టి తాను స్థిరపడిందన్నది నిజం. కట్‌త్రోట్‌ను కాపాడేందుకు ఉద్యానవనం వారు ఈనాటికీ కష్టపడుతున్నారన్నదీ నిజమే. తోటి వలసదారుల సభలో ఈ విషయాన్ని ఇంతకు మించి సాగదీయను.

ఇక సాధనం సంగతి. కాలువ గట్టున కూర్చుని, వెదురు కర్రకు దారం కట్టి, గాలానికి వానపామును గుచ్చి, బెండు ఎప్పుడు మునుగుతుందా అని చూసే వేట మనలో చాలామందికి చిన్ననాడే తెలుసు. అక్కడ దారాన్ని దూరంగా తీసుకుపోయేది ఎర బరువు, లేదా సీసపు గుండు బరువు. ఫ్లై ఫిషింగ్‌లో విసిరే వస్తువుకు చెప్పుకోదగ్గ బరువే ఉండదు. చిన్న గాలపు ముల్లుకు చుట్టిన దారం, కాస్త బొచ్చు, కోడిపుంజు మెడ ఈక, అంతే ఆ ఫ్లై. బరువంతా దాని వెనుక ఉన్న లావుపాటి లైన్‌లో ఉంటుంది. సాధారణంగా ట్రౌట్‌కు వాడే 5వ నంబరు లైన్‌లో మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. తొమ్మిది అడుగుల రాడ్‌ను వెనక్కి తెచ్చి చప్పున ఆపితే ఆ లైన్ వెనుక గాలిలో విచ్చుకుంటూ పోయి రాడ్ కొనను వంచుతుంది. అది పూర్తిగా విచ్చుకునే దాకా ఓపిక పట్టి, అప్పుడు ముందుకు తెచ్చి మళ్లీ ఆపితే, వంగిన రాడ్ నిటారు కావడంలో పుట్టిన బలం లైన్‌ను ముందుకు పరుస్తుంది. కొత్తగా నేర్చుకునే వారు చెడగొట్టుకునేది ఆ మధ్యలోని ఓపికనే. భుజబలం ఉన్నవారికంటే లేనివారే దీన్ని త్వరగా నేర్చుకోవడం నేను చాలాసార్లు చూశాను.

విసరడం ఒక వేసవిలో పట్టుబడుతుంది. ఆ తర్వాత మిగిలే కష్టం వేరు. నది ఒకే వేగంతో పారదు. ఒడ్డు దగ్గర నీరు మెల్లగా, నడుమ వడిగా, బండరాయి వెనుక దాదాపు నిలిచినట్లుగా ఉంటుంది. మనం నిలుచున్న చోటికీ చేప ఉన్న చోటికీ మధ్య ఇలాంటి పాయలు నాలుగైదు ఉంటే, వాటి మీద పరిచిన లైన్‌ను ఒక్కొక్క పాయ ఒక్కొక్క వేగంతో లాగుతుంది. దానితో ఫ్లై నీటి వెంట సాగకుండా నీటి మీద గీత గీస్తూ జారిపోతుంది. నిజమైన కీటకం ఎన్నడూ అలా జారదు. ట్రౌట్ కింది నుంచి పైకి వచ్చి, ముక్కు ఆనించేటంత దగ్గరగా చూసి, వెనుదిరుగుతుంది. అందుకే ఫ్లై నీటిని తాకిన మరుక్షణం లైన్ నడుమ భాగాన్ని రాడ్ కొనతో పైకి లేపి ఎగువవైపు మళ్లించి వేయాలి. ఆ పనిని మెండింగ్ అంటారు. బాగా చేసినవారికి ఐదారు సెకన్ల సహజమైన ప్రవాహం దక్కుతుంది. ఆ ఐదారు సెకన్లకోసమే ఈ హంగామా అంతా.

అక్టోబరు మూడో వారంలో రోజు ఎలా మొదలవుతుందో చెబుతాను. ఉద్యానవనపు పడమటి ద్వారం దగ్గర ఉన్న వెస్ట్ ఎల్లోస్టోన్ అనే ఊరు సముద్ర మట్టానికి 6,600 అడుగులకు పైన ఉంది. తెల్లవారే వేళకు నీరు గడ్డకట్టే చలి అక్కడ మామూలు. రాడ్‌కు లైన్ నడిచే చిన్న చిన్న వలయాలుంటాయి. తడిసిన లైన్ వాటిలోంచి వెళ్లిన ప్రతిసారీ ఒక పొర మంచు పేరుకుంటుంది, వేళ్లతో దాన్ని విరిచి మళ్లీ విసరాలి. లాడ్జ్‌పోల్ పైన్ చెట్ల వెనుక నుంచి మగ ఎల్క్‌లు అరుస్తుంటాయి. బైసన్ మంద బాట మీద నిలబడితే దాని అంతట అది కదిలేదాకా ఆగడం తప్ప వేరే ఉపాయం లేదు. వాటికి 25 గజాలు, ఎలుగుబంట్లకు, తోడేళ్లకు 100 గజాలు దూరంగా ఉండాలన్నది అక్కడి చట్టం. గ్రిజ్లీ ఎలుగులు నిద్రాకాలానికి ముందు విపరీతంగా తినే రోజులు కాబట్టి నడుముకు ఎలుగును నిలువరించే స్ప్రే డబ్బా లేకుండా ఎవరూ నడవరు.

నిబంధనలు ఇంకా ఉన్నాయి. ఉద్యానవనంలో మోంటానా రాష్ట్ర లైసెన్సు చెల్లదు, ఉద్యానవనం వారి అనుమతి పత్రం విడిగా తీసుకోవాలి. మాడిసన్‌లో ఫ్లై తప్ప మరో ఎర వాడరాదు. గాలానికి ఎదురుముల్లు ఉండకూడదు, ఉంటే పట్టకారుతో నొక్కి చదును చేయాలి. సీసం వాడరాదు. రాళ్ల మీద జారకుండా ఉండేందుకు ఒకప్పుడు అందరూ వేసుకున్న ఫెల్ట్ అడుగు బూట్లు కూడా నిషేధం, ఎందుకంటే తడి ఆరని ఆ ఫెల్ట్‌లో పరాయి జీవులు ఒక నది నుంచి ఇంకొక నదికి ప్రయాణం చేస్తాయి. న్యూజిలాండ్ నుంచి వచ్చిన చిటికెడంత మట్టినత్తలు 1990లలోనే ఈ నదీ ప్రాంతంలోకి చొరబడి, రాళ్లను కప్పేసేటంతగా పెరిగాయి. ఈ నిబంధనలు చాదస్తంగా అనిపించేవారు ఒక రాయిని తిప్పి చూస్తే చాలు.

ఉదయం పూట చేప నీటిపైకి రాదు. ఆ వేళ వేటంతా బార్న్స్ పూల్స్ అనే పేరుగల మడుగుల దగ్గర సాగుతుంది. సెప్టెంబరు నుంచి హెబ్గెన్ జలాశయంలోని పెద్ద బ్రౌన్ ట్రౌట్లు గుడ్లు పెట్టడానికి ఈ నదిలోకి ఎదురెక్కుతాయి, దారిలో ఈ మడుగులలో ఆగుతాయి. వరద నీటికి ఎదురీదుతూ వచ్చే పులస గోదావరి జిల్లాల వారికి కొత్త కాదు కాబట్టి ఈ ప్రయాణాన్ని నేను వివరించనక్కరలేదు. కాకపోతే పులస సముద్రం విడిచి వస్తుంది, ఈ చేపకు సముద్రమూ ఆ జలాశయమే. పులస ధవళేశ్వరం దగ్గర ఆగిపోవలసిందే. హెబ్గెన్ నుంచి పైకి వెళ్లే ట్రౌట్‌కు అడ్డుగా ఆనకట్ట ఏదీ లేదు. మన దగ్గర కడుపులో జన ఉన్న పులసకే గిరాకీ ఎక్కువ అన్న సంగతి మాత్రం అక్కడి మిత్రులకు నేను ఇంకా చెప్పలేదు.

మడుగు దగ్గర ఒక మర్యాద ఉంది. ముందు వచ్చినవారు పైభాగాన దిగుతారు, ప్రవాహానికి అడ్డంగా విసిరి, ఫ్లై నీటి అడుగున వంపు తిరిగి తమ కిందికి వచ్చేదాకా ఆగి, రెండడుగులు దిగువకు జరిగి మళ్లీ విసురుతారు. మడుగు చివరికి చేరినవారు బయటికి వచ్చి వరుసలో వెనక్కి పోతారు. ఎవరూ ఒకే చోట పాతుకుపోరు. వరుసలో నిలబడ్డవారి మధ్య సాగే సంభాషణలో సగం అబద్ధాలే అయినా, ఏ రాయి పక్కన నీరు లోతు, ఈ వారం ఏ రంగు ఈకకు చేప స్పందిస్తోంది అన్న సమాచారం కూడా అక్కడే దొరుకుతుంది.

మధ్యాహ్నం సంగతి పూర్తిగా వేరు, నాకు ఇష్టమైనదీ అదే. ఎండ కాసే రోజు ఫోటోలకు బాగుంటుంది, వేటకు కాదు. మబ్బు కమ్మి, సన్నని జల్లు గానీ మంచు రజను గానీ పడుతున్న రోజున, ఒంటిగంట దాటాక, బ్లూ వింగ్డ్ ఆలివ్ అనే చిన్న మేఫ్లైలు నదిలోంచి లేస్తాయి. వాటి బాల్యమంతా నీటి అడుగున రాళ్లను అంటిపెట్టుకుని గడుస్తుంది. రెక్కలు రావలసిన వేళ వచ్చాక నీటి పై పొర దాకా తేలి, అక్కడ పాత చర్మాన్ని చీల్చుకుని, రెక్కలు నిలబెట్టి, అవి ఆరేదాకా నీటి మీదే కూర్చుని కొట్టుకుపోతాయి. చలిగా, తేమగా ఉన్న రోజున రెక్కలు ఆరడం ఆలస్యమవుతుంది కాబట్టి నీటి మీద ఎక్కువసేపు ఉంటాయి, ట్రౌట్‌కు పండుగ అవుతుంది. ఒకటి నా చొక్కా చేతి మీద వాలినప్పుడు పరిశీలనగా చూశాను. బియ్యపు గింజంత ఒళ్లు, ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. పొగమంచు రంగులో నిలువుగా మడిచిన రెక్కలు. వెనుక వెంట్రుకల్లాంటి రెండు తోకలు. తినడానికి పనికివచ్చే నోరు దానికి లేదు, పెద్దయ్యాక అది తినదు. గట్టు చేరాక మరొకసారి చర్మం విడిచి, గాజులా మెరిసే రెక్కలతో జతకట్టి, గుడ్లు పెట్టి, ఒకటి రెండు రోజులలోనే చచ్చిపోతుంది. రెక్కలు వచ్చాక ఇంకోసారి చర్మం విడిచే కీటకాలు మేఫ్లైలు తప్ప లోకంలో వేరేవి లేవు.

ఈ వేళ చేప నీటిపై చూపే గుర్తులను చదవాలి. ముక్కు పైకి వచ్చి చిన్న చప్పుడుతో మునిగితే అది రెక్కలు వచ్చిన కీటకాన్ని తింటోంది. ముక్కు కనబడకుండా వీపు, ఆ వెనుక తోక కొన మాత్రమే నీటిని చీల్చుకుని కనిపిస్తే, అది చర్మం చీల్చుకుంటూ ఇరుక్కుపోయిన కీటకాలను నీటి పొర కిందనే ఏరుకుంటోంది. అలాంటి చేప ముందుకు నీటిపై పూర్తిగా తేలే ఫ్లైని, అది ఎంత అందమైనదైనా, వదిలితే చూడదు. సగం మునిగి సగం తేలే ఫ్లై కావాలి. గాలం 20వ నంబరుది, అంటే చిటికెన వేలి గోటిలో సగం ఉండదు. దానికి కట్టే చివరి దారం, 6ఎక్స్ టిప్పెట్, అంగుళంలో వెయ్యింట ఐదు వంతుల మందం. చలికి మొద్దుబారిన వేళ్లతో ఆ గాలపు కంతలోకి ఆ దారాన్ని ఎక్కించడానికి పట్టే సమయంలో మేఫ్లైల సంత ముగిసిపోవడం కూడా జరుగుతుంది.

బండరాయి పక్కన వరసగా తింటున్న ఒక చేపను ఎంచుకున్నామనుకోండి. అది ప్రతి కీటకాన్నీ తినదు, దానికొక లయ ఉంటుంది, ఆ లయను కాసేపు గమనించాలి. దాని ఎదుట మూడు అడుగుల ఎగువన ఫ్లై పడాలి. లైన్ మళ్లించాక ఊపిరి బిగబట్టవలసిన పనిలేదు, చూస్తే చాలు. నీరు ఉబ్బినట్లు కాగానే రాడ్‌ను నెమ్మదిగా ఎత్తాలి; గట్టిగా ఎత్తితే ఆ సన్నని దారం పుటుక్కుమంటుంది. చేప దగ్గరికి వచ్చాక రబ్బరు వలలో నీటిలోనే ఉంచి, చేతులు తడుపుకుని, ముల్లు తీయాలి. పొడి చేయి చేప ఒంటి మీది జిగురు పొరను చెరిపేస్తుంది, ఆ పొర పోతే బూజు రోగాలు పట్టుకుంటాయి. ఆ కొద్ది క్షణాలలో శరత్కాలపు బ్రౌన్ ట్రౌట్‌ను చూడవచ్చు. కడుపు వెన్న రంగు, పక్కలు తేనె రంగు, పైన నల్ల చుక్కలు, వాటి మధ్య లేత నీలపు వలయాలలో ఎర్ర చుక్కలు, మగదైతే కింది దవడ కొక్కెంలా పైకి వంగి ఉంటుంది. తల ప్రవాహానికి ఎదురుగా పట్టి ఉంచితే మొప్పలు ఆడి, తనంతట తాను చేతిలోంచి జారిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ మడుగు నుంచి మరో మడుగుకు నడుస్తూ, నీరు మోకాలి లోతుకు పలుచబడి గులకరాళ్ల మీద నునుపుగా జారే చోట, రంగు తేలిన ఒక మచ్చ కనబడుతుంది. చుట్టూ ఉన్న రాళ్లు నాచుతో ముదురు గోధుమ రంగులో ఉంటే, అక్కడ మాత్రం మంచం పట్టేంత మేర కడిగినట్లు తెల్లగా ఉంటాయి. ఎగువన చిన్న గుంట, దిగువన చిన్న దిబ్బ. అది రెడ్, అంటే ట్రౌట్ గుడ్ల గూడు. ఆడ చేప పక్కకు ఒరిగి తోకతో రాళ్లను బాదుతుంది. లేచిన రాళ్లను, బురదను ప్రవాహం దిగువకు మోసుకుపోతుంది. గుంట సిద్ధమయ్యాక గుడ్లు విడుస్తుంది, పక్కనే ఉన్న మగది వాటిని ఫలదీకరిస్తుంది. వెంటనే ఆడది ఒక అడుగు ఎగువకు జరిగి మళ్లీ తవ్వుతుంది, ఆ రాళ్లు వచ్చి కింది గుడ్లను కప్పుతాయి. రాళ్ల సందుల్లోంచి పారే నీరు తెచ్చే ప్రాణవాయువే ఆ గుడ్లకు ఆధారం. నీరు 5 డిగ్రీల దగ్గర ఉంటే పొదగడానికి సుమారు మూడు నెలలు పడుతుంది, ఆ తర్వాత కూడా పిల్లలు పొట్టకు అంటుకున్న పచ్చసొన తింటూ వారాలకొద్దీ ఆ రాళ్ల కిందే ఉంటాయి. అంటే అక్టోబరులో తవ్విన ఆ తెల్లని మచ్చ వసంతం దాకా ఒక పురిటిగది.

ఆ మచ్చ మీద మనిషి బూటు పడితే ఏమవుతుంది? మోంటానాలోనే దీన్ని పరీక్షించి 1992లో ఫలితాలు ప్రచురించారు. పొదిగే ముందు ఒకే ఒక్కసారి తొక్కితేనే 43 శాతం దాకా చనిపోయాయి. రోజుకు రెండుసార్లు చొప్పున తొక్కుతూ పోయిన చోట అత్యధిక భాగం నశించింది. వేటగాడు చేపను ప్రాణంతో వదిలేసి, పుణ్యం చేశానన్న తృప్తితో ఒడ్డుకు నడిచే ఆ పది అడుగులలో ఎన్ని ప్రాణాలు తీశాడో అతనికి తెలియదు. ఇక రెడ్ మీద జంటగా నిలిచిన చేపలకు గాలం వేసేవారూ ఉన్నారు. అవి కదలకుండా ఒకే చోట ఉంటాయి, పెద్దవిగా ఉంటాయి, ఫోటో బాగా వస్తుంది. చట్టం అన్ని చోట్లా అడ్డుకోకపోవచ్చు. నేను దాన్ని వేట అనను.

ఎందుకింత పట్టుదల అని అడగవచ్చు. చేపలు తగ్గితే హేచరీలో పెంచి వదలవచ్చు కదా? సరిగ్గా అదే అభిప్రాయం మోంటానాలో దశాబ్దాలపాటు రాజ్యమేలింది. ఏటా వేల సంఖ్యలో పెంపుడు ట్రౌట్లను మాడిసన్‌లో వదిలేవారు. 1960ల చివర డిక్ విన్సెంట్ అనే రాష్ట్ర మత్స్య జీవశాస్త్రజ్ఞుడు నదిలో చేపలను లెక్కపెడుతుండగా, పెంపుడు చేపలు వదలని సంవత్సరంలో సహజంగా పుట్టిన చేపలు పెరుగుతున్నట్లు అనుమానం కలిగింది. ఆయన దాన్ని పరీక్షకు పెట్టాడు. మాడిసన్‌లో వార్నీ వంతెన ప్రాంతంలో వదలడం ఆపించాడు. అప్పటిదాకా ఎన్నడూ వదలని ఓడెల్ క్రీక్ అనే వాగులో వదలడం మొదలుపెట్టించాడు. ఆపిన చోట సహజ ట్రౌట్లు బాగా పెరిగాయి, మొదలుపెట్టిన చోట తగ్గాయి. తొట్లలో గుంపుగా పెరిగిన చేపలు నదిలో తమ చోటు తెలియక తిరుగుతూ, స్థిరపడ్డ చేపలను చెదరగొట్టి, చివరికి తామూ చలికాలం దాటలేకపోయేవి. గాలాల దుకాణాల వారు, మోటెళ్ల వారు గట్టిగా వ్యతిరేకించారు, చేపలు వదలకపోతే యాత్రికులు రారన్నది వారి భయం. అయినా 1974లో సహజ ట్రౌట్లు నిలబడగల నదులలో వదలడం ఆపాలని రాష్ట్రం నిర్ణయించింది. ఆ తర్వాత యాత్రికులు తగ్గకపోగా, మాడిసన్ మీద పడవలు ఎక్కువైపోయాయన్నదే ఇప్పటి తగాదా.

ఆ నిర్ణయానికి అర్థం ఏమిటంటే, ఇక ఆ నదికి బయటినుంచి వచ్చే సరఫరా లేదు. అక్టోబరులో గులకరాళ్ల కింద పెట్టిన గుడ్లే మూడేళ్ల తర్వాత మన గాలానికి తగిలే చేప. ఆ లెక్కలో ఒక ఏడు దెబ్బ తింటే ఏమవుతుందో 2021 నవంబరు 30న అందరికీ కనిపించింది. హెబ్గెన్ ఆనకట్టలో నీరు వదిలే గేటు యంత్రభాగం ఒకటి అర్ధరాత్రి వేళ విరిగి, దిగువ నదిలో ప్రవాహం హఠాత్తుగా సగానికి పైగా పడిపోయింది. బ్రౌన్ ట్రౌట్లు గుడ్లు పెట్టి అప్పటికి ఎంతో కాలం కాలేదు. నీటి అంచున ఉన్న గూళ్లు గాలిలోకి తేలాయి, పక్క పాయలలో చేపలు చిక్కుకున్నాయి. ఆ వార్త తెలియగానే చుట్టుపక్కల ఊళ్ల జనం, పడవ గైడ్లు, దుకాణదారులు బకెట్లు పట్టుకుని వచ్చి చిక్కిన చేపలను నడి పాయలోకి మోశారు. రెండు రోజులలో గేటు బాగుపడింది. బకెట్లతో చేపలను మోయగలిగారు గానీ రాళ్ల కింది గుడ్లను మోయడం ఎవరి తరమూ కాలేదు.

1994 చివర బయటపడిన వర్లింగ్ వ్యాధి కథ ఇంకా పెద్దది, సమయం లేదు కాబట్టి ఒక్క ముక్క చెబుతాను. యూరప్ నుంచి వచ్చిన ఒక పరాన్నజీవి పిల్ల చేపల మృదులాస్థిని తినేసి, అవి తమ చుట్టూ తామే గిరగిర తిరిగేలా చేస్తుంది. మాడిసన్ ఎగువ భాగంలో రెయిన్‌బోలు పదింట తొమ్మిది వంతుల దాకా పడిపోయాయి. అదే పరాన్నజీవితో తరతరాలుగా యూరప్‌లో కలిసి బతికిన బ్రౌన్ ట్రౌట్ తట్టుకుంది. రెయిన్‌బోలు తర్వాత చాలావరకు కోలుకున్నాయి. ఇటీవలి సంవత్సరాలలో మాత్రం బిగ్ హోల్, బీవర్‌హెడ్, రూబీ వంటి పొరుగు నదులలో బ్రౌన్ ట్రౌట్లు తగ్గిపోతున్నాయి. వెచ్చబడే నీరు, తగ్గే ప్రవాహం, పెరిగే ఒత్తిడి, వీటిలో దేని వాటా ఎంత అన్నది అక్కడి జీవశాస్త్రజ్ఞులు ఇంకా తేలుస్తున్నారు.

కాబట్టి మీలో ఎవరైనా వచ్చే అక్టోబరులో అటు వెళ్లదలిస్తే కొన్ని పనులు చేయండి. ఉద్యానవనంలో వేటకాలం అక్టోబరు 31తో ముగుస్తుంది, చివరి వారానికి వెళితే చలిని లెక్కలో పెట్టుకోండి. నీటి మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పనిసరి, అవి లేకపోతే నీటి మెరుపులో రెడ్ కనబడదు. మడుగు చివర నీరు పలుచబడే చోట అడ్డంగా దాటవద్దు. దాటవలసి వస్తే పెద్ద రాళ్లున్న వడినీటిలో, కర్ర ఊతంగా, మెల్లగా దాటండి. తెల్ల మచ్చ కనబడితే దానికి పైనా కిందా కూడా కొన్ని గజాలు వదిలేయండి, ఎందుకంటే గుడ్లుండేది గుంటలో కాదు, దాని దిగువనున్న దిబ్బలో. లోతైన మడుగులో, బండరాళ్ల వెనుక, మేఫ్లైలను తింటున్న చేపలు మీకు సరిపోయినన్ని ఉంటాయి. వాటిలో చాలా రెయిన్‌బోలు, అవి గుడ్లు పెట్టేది వసంతంలో.

నా ఫ్లైల పెట్టె ఆ బల్ల మీద ఉంచాను. పై వరుసలో ఉన్నవి 20వ నంబరు బ్లూ వింగ్డ్ ఆలివ్‌లు, కింది వరుసలో ఉదయం మడుగులలో వాడేవి. ఎదురుముళ్లు నొక్కేసినవే అయినా వేళ్లు జాగ్రత్త. ఎవరికైనా ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.